స్పీకర్లు ఆగిన చరణం

మా ఆయన పుస్తకం మళ్ళీ అచ్చు వేస్తున్నారు. ముందు పేజీల్లో ఆయన గురించి నాలుగు ముక్కలు నన్నే రాయమని కత్తెర పట్టుబట్టాడు. కత్తెర అంటే మా ఆయన పనిచేసిన పత్రిక ఎడిటరు. ఎవరు ఏం రాసి తెచ్చినా సగం కోసేస్తాడని ఆఫీసువాళ్ళు పెట్టిన పేరు అది. నా చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. "నాకు రాయడం ఎక్కడొచ్చు మరిదిగారూ" అంటే, "వచ్చినవాళ్ళు రాసింది కోసీ కోసీ నా చేతులు పడిపోయాయి వదినా. నువ్వు రాయి, ఒక్క అక్షరం ముట్టుకుంటే ఒట్టు" అన్నాడు.

ఆయన పోయి ఏడాది కావస్తోంది. ఇప్పటికీ ఆయన గదిలోకి వెళ్ళే ముందు తలుపు దగ్గర ఆగి, లైటు ఒకసారి ఆర్పి వెలిగిస్తాను. చెప్పకుండా వెనక నుంచి వెళ్తే ఉలిక్కిపడతారని అలవాటైన పని. లోపల ఉలిక్కిపడే మనిషి లేరు. నా చేతికి ఆ సంగతి ఇంకా తెలిసినట్టు లేదు.

ఆయన పుట్టింది దర్జీ ఇంట్లో. మామగారికి ఇరుకు సందులో చిన్న కొట్టు, అందులో రెండు కుట్టు మిషన్లు. రెండోది కొడుకుదని మామగారి లెక్క. కొడుకేమో కాజాలు కుడుతూ కుడుతూ రేడియోలో పాట వస్తే చేయి ఆపేసేవారట. కాజా ఒకచోట, గుండీ ఒకచోట. పోనీ పాడదామంటే గొంతు లేదు. కూనిరాగం తీస్తే మా అత్తగారు లోపలి నుంచి "ఒరేయ్, ఆ మిషనుకి కాస్త నూనె పొయ్యరా, కీచుమంటోంది" అనేవారట. ఈ మాట ఆయనే చెప్పి నవ్వేవారు.

కొట్టు వదిలేసి కచేరీలు జరిగే హాలులో టికెట్లు చింపే పనికి కుదిరారు. జనం లోపలికి వెళ్ళాక తలుపు దగ్గర గోడకి ఆనుకుని వినొచ్చు, ఆయనకి అదే చాలు. ఆ రోజుల్లో పత్రిక తరఫున వచ్చే విలేకరికి పాటంటే నిద్ర. మొదటి పాటకే గురక. అయిపోయాక లేపి, ఎవరు ఏం పాడారో, ఎలా పాడారో మా ఆయనే చెప్పి పంపేవారు. కొన్నాళ్ళకి ఆ విలేకరే విసిగిపోయి, "ఆ నిద్రేదో ఇంట్లోనే పోతాను, నువ్వే రాసి పంపవయ్యా" అన్నాడట. అలా మొదలైంది ఆయన రాత.

ఆయన పెద్ద మాటలు రాసేవారు కాదు. పాడే మనిషి ఎక్కడ మంచినీళ్ళు తాగాడు, ఎక్కడ పక్కవాడి వంక చూశాడు, ఏ చరణం దగ్గర ముందు వరుసలో పిల్లవాడు ఏడుపు ఆపాడు, ఇవి రాసేవారు. చదివితే కచేరీకి వెళ్ళివచ్చినట్టు ఉంటుందని అందరూ అనేవారు. మొదటి పుస్తకం పక్కవాయిద్యాల వాళ్ళ మీద రాశారు. రెండోది, ఇప్పుడు మీ చేతిలో ఉన్నది, పాటగాళ్ళ మీద. అందులో సగానికి సగం కంచుగంట గురించే. అది ఒక పెద్ద పాటగాడికి జనం పెట్టిన పేరు. ఆయన గొంతు ఎత్తితే హాలు చివర తలుపు దగ్గర నిలబడ్డవాడికి కూడా గుండెల్లో మోగేదట. ఆ తలుపు దగ్గర నిలబడ్డది మా ఆయనే.

పుస్తకం సగం అయ్యేసరికి మా అమ్మాయి పెళ్ళయి వెళ్ళింది. ఇల్లు సద్దుమణిగాక ఒకటొకటే బయటపడింది. కుక్కరు కూతలు ఆయనకి వినపడడం లేదు. కింద పాలవాడి సైకిలు గంట వినపడడం లేదు. నేను వంటింట్లోంచి పిలిస్తే పలకరు. అలిగారేమో అనుకుని నేనూ అలిగాను. ఒకరోజు రికార్డు పెట్టుకుని వింటూ, "ఇదేమిటే, ఫిడేలు రాకుండానే పాట అయిపోయింది" అన్నారు. ఫిడేలు ఆ పాటలో మొదటి నుంచీ మోగుతూనే ఉంది. నా చేతిలో పళ్ళెం జారిపోయింది. ఆ చప్పుడుకి కూడా ఆయన తల తిప్పలేదు.

చెవుల డాక్టరు నరం ఎండిపోతోందన్నాడు. మందు లేదు. చెవిలో మిషను పెట్టుకుంటే మాటలు కొన్నాళ్ళు తెలుస్తాయి, పాట మాత్రం తెలియదు, తర్వాత ఏదీ తెలియదు అన్నాడు. మెట్లు దిగుతూ ఆయన నా చేయి పట్టుకుని, "ఎవరికీ చెప్పకు. అమ్మాయికి కూడా" అన్నారు. "చెవిటివాడు రాసిన సంగీతం పుస్తకం ఎవడు చదువుతాడే? పుస్తకం అయ్యేదాకా, అంతే."

అదిగో, అప్పుడు నాకు భయం అంటే ఏమిటో తెలిసింది.

కచేరీలకి నేనూ వెళ్ళడం మొదలుపెట్టాను. మా ఇద్దరి మోకాళ్ళ మీదా ఒకే శాలువా. దాని కింద ఆయన మణికట్టు మీద నా వేళ్ళు. గొంతు పైకి వెళ్తే వేలు పైకి జరిపేదాన్ని, కిందికి వస్తే కిందికి. ఒకచోట నిలిచిపోతే నొక్కి పట్టుకునేదాన్ని. తడబడితే గిల్లేదాన్ని. మిగతాది ఆయన కళ్ళతో చూసి పట్టేసేవారు. ఇన్నేళ్ళు పాడేవాళ్ళ మొహాలు చూసిన మనిషి కదా. అనుభవం లేనివాళ్ళ కచేరీ అయితే మర్నాడు ఆయన చేయంతా గోళ్ళ గాట్లే. "నిన్నటివాడు పాట పాడాడా, నీ చేత నన్ను చంపించబోయాడా?" అనేవారు.

ఆయన నవ్వగలిగేవారు. నాకు కచేరీ అంటే కాపలా పనే. పక్క కుర్చీవాళ్ళు వంగి ఆయన చెవిలో ఏదో అంటారు, ఆయన కంటే ముందు నేను జవాబు చెప్పాలి. విరామంలో ఎవరైనా వెనక నుంచి పిలుస్తారు, నేను ఆయన మోచెయ్యి లాగాలి. టెలిఫోను మోగితే నేనే తీయాలి. "ఆవిడ ఆయన్ని ఒక్క మాట మాట్లాడనివ్వదమ్మా, మహా గయ్యాళి" అని నాకు పేరొచ్చింది. నేను పుట్టి బుద్ధెరిగి ఎవరి మీదా గొంతు ఎత్తలేదు.

ఇలా ఏళ్ళు లాగాం. పుస్తకం చివరికొచ్చింది. అప్పుడు కంచుగంట కచేరీ పెద్ద మైదానంలో పెట్టారు. సరిగ్గా ముందు రోజు నేను మెట్ల మీద జారి కాలు మడత పడింది. చీలమండ గుమ్మడికాయలా వాచింది.

"జ్వరం అని చెప్పండి, వెళ్ళకండి" అన్నాను, ఆయన ఎదురుగా నిలబడి పెదవులు కనపడేలా.

"కంచుగంట కచేరీకి నేను రాలేదంటే పోయాననుకుని దండ పట్టుకొస్తారే. పాట వినపడకపోతే పోనీ, మనిషి కనపడతాడు కదా. చూసి వస్తాను" అన్నారు.

ఆ సాయంత్రమంతా కాలు స్టూలు మీద పెట్టుకుని కిటికీలోంచి వీధి చూస్తూ కూర్చున్నాను. రోడ్డు దాటేటప్పుడు హారను వినపడని మనిషి. ఒక్కరే వెళ్ళారు. వచ్చేసరికి మొహం వెలిగిపోతోంది.

"ఎంత బాగా పాడాడే! మూడో పాట చివరి చరణంలో కళ్ళు మూసుకున్నాడు. మెడ నరాలు తాళ్ళలా లేచాయి. చేయి ఇలా పైకెత్తి అలాగే ఉంచేశాడు. ఫిడేలు ఆయన, డోలు ఆయన వాయించడం మానేసి ఆయన వంకే చూస్తున్నారు. పై స్థాయిలో నిలబడితేనే అలా ఉంటుంది."

అదే రాశారు. ఆ చరణంలో ఆయన చేరిన ఎత్తుకి మరొకరు చేరలేదు, ఆ కచేరీ మొత్తానికి అదే శిఖరం అని రాశారు.

పత్రిక వచ్చిన పొద్దున్న కింద టీ కొట్టాయన పగలబడి నవ్వుతూ మెట్లెక్కి వచ్చాడు. "అమ్మగారూ, సారు కంచుగంటని నిలువునా కోసేశాడమ్మా!"

"ఏమైంది?"

"నేను వెళ్ళాను కదమ్మా కచేరీకి. ఆ చరణంలోనే స్పీకర్లు చచ్చాయి. మైదానం మొత్తానికి ఒక్క ముక్క వినపడితే ఒట్టు. వెనకాల జనం ఈలలు, గోల. వైర్లు బాగుచేసేసరికి పాటే అయిపోయింది. సారేమో ఆయన అన్నిటికన్నా గొప్పగా పాడింది అదేనంటాడు! వినపడనప్పుడే బాగుందట! అబ్బ, ఏం దెబ్బ కొట్టాడమ్మా!"

నేను కూడా నవ్వాను. నవ్వకపోతే ఎలా? అతను వెళ్ళాక గోడ పట్టుకుని గదిలోకి వెళ్ళి, లైటు ఆర్పి వెలిగించి, ఎదురుగా కూర్చుని మెల్లగా చెప్పాను. ఆయన రెండుసార్లు చెప్పించుకున్నారు. తర్వాత కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"అందరూ ఎగతాళి అనుకుంటున్నారా?"

"అవునండీ."

"కంచుగంట కూడానా?"

నేను కళ్ళజోడు తీసి ఆయన చేతిలో పెట్టాను.

మధ్యాహ్నానికి కత్తెర వచ్చాడు. "ఒరేయ్ గురూ, పేపరు ఒక్కటి మిగల్లేదురా! నీలో ఇంత విషం ఉందని నాకెప్పుడూ చెప్పలేదేంరా? శుక్రవారానికి ఇంకో ముక్క కావాలి. ఇదే విషయం, ఇంకాస్త కారం." మా ఆయన అతని పెదవులు చూస్తూ తలూపారు. ఏది అర్థమై తలూపారో నాకు తెలియదు.

మర్నాటి నుంచి ఫోన్లు. కంచుగంట అంటే ప్రాణం పెట్టేవాళ్ళు ఊరంతా ఉన్నారు. "మీ ఆయన చెవులు కోసి చేతిలో పెడతామని చెప్పు" అన్నాడు ఒకడు. ఫోను పెట్టేశాక నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఇంకొకడు ఏమీ అనలేదు. ఊపిరి మాత్రం వినిపించాడు. దానికే ఎక్కువ భయం వేసింది. వంటింటి కిటికీ అద్దం పగిలింది. ఎదురుగా లేత్ మిషన్ల షెడ్డు ముందు ఇద్దరు మనుషులు స్కూటరు ఆనుకుని మా మెట్ల వంకే చూస్తూ నిలబడేవారు.

ఆయన ఆఫీసుకి వెళ్ళక తప్పదు. వెనక నుంచి ఎవరొచ్చినా ఆయనకి తెలియదు. అడుగుల చప్పుడు లేదు, అరుపు లేదు. వాచిన కాలుతో కుంటుకుంటూ ఆయన వెనకే నడిచాను, ఆయనకి నా వీపు అడ్డం పెట్టినట్టు. స్కూటరు చప్పుడు మా వెనక నెమ్మదిగా వచ్చేది. ఆగితే ఆగేది. తిరిగి చూడాలంటే నాకు మెడ కదిలేది కాదు. ముందు ఆయన ఏదో ఆలోచించుకుంటూ, చేతులు వెనక్కి కట్టుకుని, హాయిగా నడుస్తున్నట్టే కనపడేవారు.

అమ్మాయి ఫోను చేసి, "అమ్మా, నాన్నకి పిచ్చా? అంత పెద్దమనిషిని ఎందుకలా అన్నాడు?" అని అరిచింది. దానికీ చెప్పలేకపోయాను.

శుక్రవారం ఇంకా రాలేదు. ఒక మధ్యాహ్నం ఎవరో తలుపు తట్టారు. గొళ్ళెం తీయకుండా సందులోంచి చూశాను. కంచుగంట. ఒక్కరే. మెడకి, నోటికి మఫ్లరు చుట్టుకుని, మెట్లెక్కిన ఆయాసంతో నిలబడ్డారు. వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూశాను. మెట్ల మీద ఎవరూ లేరు.

లోపలికి తీసుకొచ్చి కూర్చోబెట్టాను. మా ఆయన లేచి నిలబడ్డారు. టికెట్లు చింపే రోజుల్లో ఎలా నిలబడేవారో అలాగే నిలబడ్డారేమో.

"ఎవరు చెప్పారయ్యా నీకు?" అన్నారు పెద్దాయన. మఫ్లరు నోటి మీదే ఉంది. పెదవులు కనపడవు.

"కూర్చోండి, టీ తాగుదురుగాని" అన్నారు మా ఆయన, చిరునవ్వుతో.

పెద్దాయన మొహం ఎర్రబడింది. "వేళాకోళమా? నేను ఒకటడిగితే నువ్వు ఇంకోటి అంటావేం? డోలువాడు చెప్పాడా? ఫిడేలు మా తమ్ముడే, వాడు చచ్చినా చెప్పడు."

నేను మా ఆయన వైపు తిరిగి, "ఎవరు చెప్పారని అడుగుతున్నారండీ" అన్నాను.

"ఏం చెప్పారని?" అన్నారు ఆయన.

పెద్దాయన ఊగిపోతూ, "నా చేతే చెప్పిస్తావా? చెప్తాను, విను. ఆ చరణంలో నా గొంతు పోయిందయ్యా. ఎత్తుకునేసరికి లోపల ఏమీ లేదు, ఉత్త గాలి. అదే క్షణంలో స్పీకర్లు ఆగాయి. కళ్ళు మూసుకుని నోరు ఆడించాను. తప్పు మైకుల మీదకి పోయిందిలే అనుకున్నాను. ఎవరికీ తెలియలేదు, నీకు తప్ప. అంత నలుసు ఎలా పట్టావు? ఇప్పుడు శుక్రవారం నాడు అదే రాస్తావుట కదా" అన్నారు. బెదిరించడానికి వచ్చిన మనిషి గొంతు కాదు అది.

మా ఆయన నా వంక చూశారు. శాలువా కింద మేము చేసుకున్న గుర్తుల్లో దీనికి గుర్తు లేదు. ఎదురుగా నిలబడి, ఒక్కో మాటా పెదవుల మీద పెట్టి చెప్పాను. పూర్తవకుండానే పెద్దాయన అడ్డం వచ్చారు.

"నేను ఆయనకి చెప్తుంటే మళ్ళీ నువ్వు చెప్తావేమిటమ్మా?"

అబద్ధం ఒక్కటి కూడా తట్టలేదు. మా ఆయన నా భుజం మీద చేయి వేసి పక్కకి జరిపారు.

"నాకు వినపడదండీ" అన్నారు. "మా అమ్మాయి పెళ్ళయిన దగ్గర్నుంచి మీ పాట నేను వినలేదు. ఆ రోజు స్పీకర్లు ఆగాయనీ తెలియదు, మీ గొంతు ఆగిందనీ తెలియదు. మీరు పాడుతున్నట్టు కనిపించారు. బాగా కనిపించారు. అది రాశాను."

పెద్దాయన మఫ్లరు మెల్లగా కిందికి లాగారు. తర్వాత నా వంక తిరిగి, "అయితే ఇన్నేళ్ళూ నన్ను మెచ్చుకుంటూ రాసింది నువ్వా అమ్మా?" అన్నారు.

"లేదండీ. నేను గిల్లేదాన్ని, అంతే."

పెద్దాయనకి నవ్వొచ్చింది. నవ్వు మధ్యలోనే దగ్గుగా మారింది. మంచినీళ్ళు ఇచ్చాను. వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి, మా ఆయనకి పెదవులు కనపడేలా, మఫ్లరు వదులు చేసి అన్నారు. "అది ఎగతాళి అనే ఉండనీ. నేను కోపం వచ్చినట్టే ఉంటాను. మావాళ్ళని నీ జోలికి రావద్దని చెప్తాను. నీ గుట్టు నా దగ్గర ఉంటుంది, నాది నీ దగ్గర ఉంటుంది."

నాకు ప్రాణం లేచివచ్చింది. తలుపు వేస్తూ, "గండం గడిచిందండీ" అన్నాను. ఆయన కుర్చీలో కూర్చుని గోడ వంక చూస్తున్నారు.

"నేను ఆయన్ని ఎగతాళి చేశానని అచ్చులో ఉందే" అన్నారు. "నేను పోయాక కూడా అది అలాగే ఉంటుంది."

"ఉంటే ఉండనివ్వండి. పుస్తకం సంగతి ఆలోచించండి. ఇన్నాళ్ళూ భయపడుతూ బతకలేదా?"

"నువ్వు భయపడ్డావు. నీ వేళ్ళు వణికేవి. పాట పైకి వెళ్తోందో, నీకు భయం ఎక్కువవుతోందో కొన్నిసార్లు నాకు తెలిసేది కాదు."

శుక్రవారం ముక్క ఆయన ఒక్క ఊపులో రాశారు. నాకు వినపడదు, స్పీకర్లు ఆగిన సంగతి నాకు తెలియలేదు, నాది ఎగతాళి కాదు, ఆ పెద్దాయన్ని ఎగతాళి చేసేంత వాడిని కాను అని. తర్వాత కచేరీలు ఎలా చూసేవారో రాశారు. నా వేళ్ళ సంగతీ రాశారు. పెద్దాయన గొంతు సంగతి ఒక్క అక్షరం రాయలేదు. కత్తెర అది చదివి మా మెట్ల మీదే కూలబడ్డాడు. "నాకొక్కడికైనా చెప్పలేదేంరా" అన్నాడు. వేలెత్తకుండా ఉన్నది ఉన్నట్టు వేశాడు. ఆ తర్వాత మాత్రం కచేరీలకి ఇంకొకరిని పంపాల్సి వచ్చింది. పుస్తకం వేస్తానన్న ఆయన ఆలోచించి చెప్తానన్నాడు. చాలా నెలలు ఆలోచించాక గానీ వేయలేదు. వీధిలో జనం మా ఆయన వెనకే నిలబడి చప్పట్లు కొట్టి చూసేవారు, నిజంగా వినపడదా అని. స్కూటరువాళ్ళు మాత్రం మళ్ళీ రాలేదు.

కొన్నాళ్ళకి హాలులో కంచుగంట కచేరీ అన్నారు. మేమిద్దరం టికెట్టు కొనుక్కుని వెళ్ళాం. నాకు వెళ్ళాలని లేదు. అందరూ తిరిగి చూస్తున్నారు. మా ఆయన శాలువా మడిచి ఒళ్ళో పెట్టుకున్నారు. నా చేయి పట్టుకోలేదు.

కచేరీ మొదలైంది. పెద్దాయన కింది స్థాయిలోనే తిరుగుతున్నారు. పాట ఎక్కాల్సిన చోట చేయి ఊపి ఫిడేలుకి వదిలేస్తున్నారు. జనం అది పెద్దరికం అనుకుని మెచ్చుకుంటున్నారు. నాకు తెలుసు. చూడలేక నేల చూపులు చూస్తూ కూర్చున్నాను.

రెండు పాటల మధ్య నిశ్శబ్దంలో మా ఆయన నా వైపు తిరిగి, "ఎలా పాడుతున్నాడే?" అన్నారు. మెల్లగానే అడిగాననుకున్నారు పాపం. ఆ గొంతు హాలు చివరిదాకా వినపడింది.

వరుసలన్నీ తిరిగాయి. వేదిక మీద పెద్దాయన కూడా మా వంక చూశారు. నేను ఏం చెప్తానోనని చూశారు. బాగా పాడుతున్నారంటే మా ఆయనకి అబద్ధం చెప్పినట్టు. నిజం చెప్తే, అంతమందిలో, ఆ మనిషి ఏమైపోవాలి?

"జాగ్రత్తగా పాడుతున్నారండీ" అన్నాను. నాకు తెలియకుండానే నాదీ పెద్ద గొంతే అయింది.

ఎవరో నవ్వారు. పెద్దాయన నవ్వలేదు. మంచినీళ్ళు తాగారు. తర్వాతి పాట ఎత్తుకున్నారు. చివరి చరణం వచ్చింది. పాట ఎక్కాల్సిన చోట ఫిడేలు ఆయన కమాను పైకెత్తి సిద్ధంగా ఉన్నాడు. పెద్దాయన అతని వంక చూడలేదు. తానే ఎక్కారు.

నేను కళ్ళు మూసుకున్నాను.

గొంతు సగంలో చీలింది. హాలంతా విన్నది. గాలి మాత్రం వచ్చింది, తర్వాత అదీ లేదు. ఎవరూ కదల్లేదు. కాసేపటికి ఆయన గొంతు సవరించుకుని, మైకు దగ్గరికి జరుపుకుని, అదే చరణం మళ్ళీ కింది నుంచి మొదలుపెట్టారు.

మా ఆయన నా మోచెయ్యి పొడిచారు. "ఏమైంది? ఏమైందే?"

"గొంతు చీలిందండీ. అందరూ విన్నారు."

"మళ్ళీ పాడుతున్నాడు కదా?"

"పాడుతున్నారు."

"మరి ఊరుకో. చూడనివ్వు" అని ఆయన ముందుకి వంగారు.